సాఫ్ట్ కోరల్స్ మధ్య హద్దులు కాయడం: నా అనుభవం

ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు పెంచాలనుకుంటున్నానని చెప్పిన ప్రతిచోటా నాకు అందిన సలహా ఒకటే: సాఫ్ట్ కోరల్స్‌తో మొదలుపెట్టండి, అవి మొండివి, అంత తేలిగ్గా చావవు. సలహా మంచిదే. రాయిలాంటి అస్థిపంజరం కట్టుకునే గట్టి పగడాల కన్నా ఇవి నీటిలో వచ్చే మార్పులను బాగా ఓర్చుకుంటాయి. అయితే ఆ సలహా అక్కడితో ఆగిపోతుంది. ఇన్ని మొండి ప్రాణాలను ఒకే గాజు తొట్టిలో పక్కపక్కన ఉంచితే ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. నా అనుభవంలో వీటిని బతికించడానికి పట్టిన శ్రమ తక్కువ. ఒకదాని చోటును మరొకటి ఆక్రమించకుండా, ఒకదాని విషం మరొకదాన్ని ముడిచేయకుండా చూడటానికి పట్టిన శ్రమే ఎక్కువ.

వీటి ఒంటి తీరు తెలియకపోతే తర్వాత జరిగేవేవీ అర్థం కావు కాబట్టి ముందు అది చెబుతాను. పగడం జంతువు. ఒక నోరు, దాని చుట్టూ టెంటకిల్స్ అనే మీసాల్లాంటి తంతువులు ఉన్న చిన్న ప్రాణిని పాలిప్ అంటారు. అలాంటివి వందలూ వేలూ కలిసి ఒక గుంపుగా పెరుగుతాయి. సాఫ్ట్ కోరల్ పాలిప్‌కు సరిగ్గా 8 టెంటకిల్స్ ఉంటాయి, ఒక్కోదానికి రెండు వైపులా ఈకకు ఉన్నట్టు సన్నని పీచులుంటాయి. గట్టి పగడాల్లో ఆ సంఖ్య 6 లేదా దాని గుణిజాలు. సాఫ్ట్ కోరల్ కండలో స్క్లెరైట్లు అనే సూక్ష్మమైన కాల్షియం కార్బొనేట్ పలుకులు చెదిరి ఉంటాయి. ఒంటికి బిగువునిచ్చేవి అవీ, లోపల నింపుకున్న నీరూ మాత్రమే. నగల్లో పొదిగే ఎర్ర పగడం చూడటానికి రాయిలా ఉన్నా అది కూడా ఈ ఎనిమిది టెంటకిల్స్ వంశానిదే. 18వ శతాబ్దంలో దాన్ని పరిశీలించి అది మొక్క కాదు, జంతువని తేల్చిన ఫ్రెంచి వైద్యుడు పేసొనెల్ మాటను ఆనాటి పండితులు చాలాకాలం ఒప్పుకోలేదు. తొట్టి ముందు కూర్చున్నప్పుడు ఆయన నాకు తరచూ గుర్తొస్తాడు. కదలకుండా ఉన్నదాన్ని జంతువని గుర్తుపట్టడానికి ఎంతసేపు చూసి ఉండాలి!

ఇంట్లో పెంచే సాఫ్ట్ కోరల్స్‌లో దాదాపు అన్నిటి కండలోనూ జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. అవి వెలుతురుతో చక్కెరలు తయారుచేసి ఆశ్రయమిచ్చిన జంతువుతో పంచుకుంటాయి. అందువల్ల వీటికి ముఖ్యాహారం వెలుతురే. ఇక మష్రూమ్ కోరల్స్, జోయాంథిడ్లు అనే రెండు రకాలను కూడా సాఫ్ట్ కోరల్స్ అనే పేరుతోనే అమ్ముతారు. వర్గీకరణ ప్రకారం అవి గట్టి పగడాలకు దగ్గరి చుట్టాలు. పెంచే పద్ధతి ఒకటే కాబట్టి ఇక్కడ నేనూ వాటిని కలిపే చెబుతున్నాను.

నేను ఎంచుకున్నది సుమారు 200 లీటర్ల తొట్టి. ఇంకా చిన్నదైతే నీటి వేడి, ఉప్పదనం గంటల్లో మారిపోతాయి, పగడాల మధ్య ఎడం ఉంచడానికీ చోటుండదు. తొట్టిలో లైవ్ రాక్, అంటే సూక్ష్మజీవులు పట్టిన రంధ్రాల రాయి, పేర్చాను. దాని రంధ్రాల్లో బ్యాక్టీరియా కాపురముంటుంది, నీటిని శుభ్రం చేసేది అదే. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1960ల ఆరంభంలోనే ఈ పద్ధతిని లోకానికి చూపించాడు. పెద్ద ఫిల్టర్లేవీ లేకుండా లైవ్ రాక్, గాలి బుడగలు, సూర్యరశ్మి, వీటితోనే ఆయన పగడాలను పెంచాడు. నా తొట్టిలో నురుగుతో మలినాలను తీసే ప్రొటీన్ స్కిమ్మర్ ఉంది, నీటిని కదిలించే రెండు వేవ్‌మేకర్లు ఉన్నాయి. అయినా బరువంతా మోసేది ఆ రాళ్లే అని నా నమ్మకం.

కొత్త తొట్టిలో ముందు అమ్మోనియా పుడుతుంది, దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరి అక్కడే నిలిచేదాకా పగడాన్ని నీటిలో పెట్టకూడదు. మామూలుగా ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తర్వాత రాళ్ల మీద, ఇసుక మీద గోధుమరంగు పొర కమ్ముకుంది. అది సూక్ష్మమైన ఏకకణ శైవలాలైన డయాటమ్‌ల పొర. కొత్త తొట్టిలోని సిలికేట్లు అయిపోయాక తనంతట తాను తగ్గింది. ఆ వెనకే పచ్చని నాచు వచ్చింది, దాన్ని నత్తలు మేశాయి. ఆ దశల్లో మందులేవీ వేయలేదు. ముఖ్యంగా రాగి ఉన్న మందు ఏదైనా సరే వెన్నెముక లేని ప్రాణులన్నిటికీ మృత్యువే. చేపల జబ్బులకు వాడే మందుల్లో రాగి చాలాసార్లు ఉంటుంది. అందుకని జబ్బు చేసిన చేపను వేరే తొట్టిలోకి మార్చి మందు వేయడమే తప్ప పగడాలున్న తొట్టిలో మందు చుక్క పడనివ్వను.

నీటి విషయంలో రాజీ పడలేదు. ఆర్వో, ఆ తర్వాత మిగిలిన లవణాలను తీసేసే డీఅయనైజేషన్ రెండూ దాటి వచ్చిన నీటిలోనే సముద్రపు ఉప్పు కలుపుతాను. సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.026, అంటే వెయ్యి వంతుల నీటిలో 35 వంతుల ఉప్పు. వేడి 25 డిగ్రీల సెల్సియస్. క్షారత 8, 9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) మధ్య. కాల్షియం 400 పీపీఎం (పది లక్షల వంతుల్లో 400) పైన. గట్టి పగడాలు పెంచేవాళ్లు ఈ చివరి రెంటినీ రోజూ నింపుకోవాల్సి వస్తుంది, మనకు ఆ బాధ చాలా తక్కువ. వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. మరో మాట. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా ఉండాలని పట్టుబట్టడం సాఫ్ట్ కోరల్స్‌కు మేలు చేయదు. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉన్నప్పుడు నా తొట్టిలోని లెదర్ కోరల్ అనే రకం బాగా నిండుగా ఉబ్బి కనిపించింది. నీరు మరీ నిస్సారమైతే ముడుచుకుని పాలిపోయింది.

తొట్టిలోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రోజూ తగ్గిన మట్టాన్ని మంచినీటితోనే నింపాలి, ఉప్పునీటితో కాదు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సాఫ్ట్ కోరల్స్ ఉబ్బడం, వాలిపోవడం అన్నీ వాటి ఒంట్లోని నీటితోనే జరుగుతాయి. ఉప్పదనంలో ఒడిదుడుకులు వస్తే మొదట తెలిసేది వాటికే.

ఇక పగడాలు. పెట్టే ముందు తొట్టి పటాన్ని కాగితం మీద గీసుకుని, ఏ జాతి ఏ తీరున విస్తరిస్తుందో దాన్ని బట్టి చోటు నిర్ణయించాను. ఈ పని అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది. పాకేవి ఒక రకం, కొమ్మలు రాల్చేవి ఒక రకం, ఉన్నచోటే ఎదిగి నీడ పరిచేవి ఒక రకం, నీటిలోకి విషం వదిలేవి ఒక రకం. రంగును చూసి ముచ్చటపడేవారు చాలామంది ఉంటారు, నేనూ పడతాను. కానీ చోటు కేటాయించేటప్పుడు రంగుకు విలువ లేదు, విస్తరించే తీరుకే విలువ.

గ్రీన్ స్టార్ పాలిప్స్ పాకే రకం. ఊదారంగు పలుచని చాప పరుచుకుంటూ పోతుంది, దాని మీద పచ్చని పాలిప్స్ విచ్చుకుంటాయి. ప్రవాహంలో అవి ఊగుతుంటే చూపు తిప్పుకోలేం. ఆ చాప తాకిన రాయి ఇక దానిదే. రాతి రంధ్రాల్లోకి దిగిన చాపను పూర్తిగా పీకడం దాదాపు అసాధ్యం. అందుకే దాన్ని మిగతా రాళ్లతో సంబంధం లేకుండా, నాలుగు వైపులా ఇసుక ఉండేలా ఒంటరి రాయి మీద పెట్టాను. ఇసుక మీదికి దిగిన అంచును నెలకోసారి బ్లేడుతో కోసేస్తాను. ఈ ఏర్పాటు ఇప్పటికీ చక్కగా నడుస్తోంది.

కెన్యా ట్రీ అని పిలిచే కాప్నెల్లాది మరో తీరు. చిన్న చెట్టులా ఎదిగి, కొమ్మ చివరలను తానే తెంపి నీటిలోకి వదిలేస్తుంది. అవి ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడ ఆగితే అక్కడ అంటుకుని మొలుస్తాయి. దీన్ని ప్రవాహం చివరి కొసలో, నీరు బయటికి పోయే మూలలో ఉంచాను. రాలిన కొమ్మలన్నీ ఆ మూలలోనే దొరుకుతాయి, ఏరుకోవడం సులభం.

సార్కోఫైటాన్ జాతి లెదర్ కోరల్ నాకు అన్నిటికన్నా ఇష్టం. మందమైన కాండం మీద మడతలు పడిన గొడుగు, దాని నిండా సన్నని పాలిప్స్. దీని గురించి కొత్తవారు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. అప్పుడప్పుడూ ఇది పాలిప్స్ అన్నీ లోపలికి లాక్కుని, ఒళ్లంతా మైనం పూసినట్టు నిగనిగలాడుతూ కుంచించుకుపోతుంది. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు అలాగే ఉంటుంది. చచ్చిపోతోందనిపిస్తుంది. నిజానికి అది పైపొరను విడిచే కాలం. ఒంటి మీద పేరుకున్న నాచును, మురికిని ఆ మైనపు పొరతో సహా వదిలించుకుంటుంది. ఆ సమయంలో చేయాల్సిందల్లా దాని మీదుగా పోయే ప్రవాహం సరిపడా ఉందో లేదో చూడటమే. తొలిసారి ఇది జరిగినప్పుడు నీటి పరీక్షలు చేసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకుని, దాన్ని తాకకుండా వదిలేశాను. పొర పలుచని పేలికలుగా ఊడి కొట్టుకుపోయిన తర్వాత మునుపటికన్నా పెద్దదై విచ్చుకుంది. ముడుచుకున్న పగడాన్ని చూసి ఆత్రంగా చోటు మార్చేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: ఒళ్లు మెత్తబడి కుళ్లిన వాసన వస్తేనే ప్రమాదం. వాసన లేకుండా గట్టిగా ఉండి నిగనిగలాడితే కదపకండి.

అసలు చిక్కు ఆ లెదర్ కోరల్ ఎదిగాక వచ్చింది. దానికి ఎంతో దూరంలో ఉన్న జోయాంథిడ్లు ఒక్కొక్కటిగా ముడుచుకోవడం మొదలైంది. దేన్నీ ఏదీ తాకలేదు. ఉప్పదనం, క్షారత, నైట్రేట్ అన్నీ మామూలే. వాటిని కాసేపు కనిపెట్టి చూస్తే ముడుచుకున్నవన్నీ లెదర్ కోరల్ మీదుగా వచ్చే ప్రవాహపు దారిలోనే ఉన్నాయి. దారికి పక్కన ఉన్నవి హాయిగా తెరుచుకున్నాయి. సాఫ్ట్ కోరల్స్‌కు కుట్టే శక్తి తక్కువ, పరిగెత్తే వీలు లేదు, రాతి కవచం లేదు. వాటి ఆయుధం రసాయనం. టెర్పినాయిడ్లు అనే పదార్థాలను తయారుచేసి ఒంట్లో నిల్వ ఉంచుకుంటాయి, కొంత నీటిలోకి వదులుతాయి. వాటివల్ల చేపలు వీటిని కొరకవు, పొరుగు పగడాలు ఎదగలేవు. సముద్రంలో ఆ రసాయనం అలల్లో కలిసి పలుచబడిపోతుంది. తొట్టిలో అదే నీరు తిరిగి తిరిగి వస్తుంది.

దీనికి నేను చేసినవి మూడు. నీటిలోని రసాయనాలను పీల్చుకునే బొగ్గును, అంటే యాక్టివేటెడ్ కార్బన్‌ను కొత్తది వేశాను, వేవ్‌మేకర్ ముఖం తిప్పి ప్రవాహపు దారి మార్చాను, ఆ వారం కాస్త ఎక్కువ నీరు మార్చాను. కొద్ది రోజుల్లోనే జోయాంథిడ్లు తెరుచుకున్నాయి. అప్పటి నుంచి నా తొట్టిలో కార్బన్ లేని రోజు లేదు, మూడు నాలుగు వారాలకోసారి మారుస్తాను. సాఫ్ట్ కోరల్స్ గురించి ఒక్క సలహా మాత్రమే ఇవ్వమంటే ఖరీదైన దీపం గురించి చెప్పను, కార్బన్ గురించి చెబుతాను.

జెనియా అనే సాఫ్ట్ కోరల్ గురించి రాయకుండా ఉండలేను. దాని పాలిప్స్ ఆగకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. తిండి పట్టుకోవడానికి కాకపోతే ఇంత శక్తి దేనికి ఖర్చుపెడుతుందన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. దీనికి దగ్గరి చుట్టమైన, ఎర్ర సముద్రంలోని హెటెరోజెనియా మీద జరిగిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. ఆ కదలిక వల్ల పాలిప్స్ చుట్టూ నీరు కలిసిపోయి, పగలు కండలో పేరుకునే ఆక్సిజన్ బయటికి పోతుందని, దానివల్ల లోపలి శైవలాల కిరణజన్య సంయోగక్రియ బాగా పెరుగుతుందని తేలింది. అది చదివాక ఆ కదలిక నాకు ఇంకా అందంగా కనిపించింది. ఇది కూడా విపరీతంగా వ్యాపించే జాతే. ఒంటరి రాయి మీద పెట్టినా గాజు పట్టుకుని పాకుతుంది. గాజు మీద కనిపించిన ప్రతి కొత్త మొలకను గీరి వెంటనే వలతో పట్టేస్తాను.

మష్రూమ్ కోరల్స్‌కు నీడ, నెమ్మదైన నీరు ఇష్టం, కాబట్టి అడుగున రాతి చాటున ఉంచాను. వాటి సంగతి అంతే. వెలుతురు విషయంలోనూ ఎక్కువ చెప్పడానికి లేదు: కొత్తగా వచ్చిన పగడాన్ని ముందు అడుగున మసక వెలుతురులో ఉంచి, రెండు మూడు వారాల్లో మెల్లగా పైకి తెస్తాను. హఠాత్తుగా ఎక్కువ వెలుతురు తగిలితే లోపలి శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడతాయి.

జోయాంథిడ్ల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. వీటిలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. హవాయి శాస్త్రజ్ఞులు 1971లో దీన్ని మొదటిసారి వేరుచేశారు. తెలిసిన సహజ విషాల్లో అత్యంత తీవ్రమైన వాటిలో ఇదొకటి. జోయాంథిడ్లు పట్టిన రాయిని ఉడకబెట్టినప్పుడూ, వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దినప్పుడూ లేచిన ఆవిరి, తుంపరలు పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాటి జోలికి వెళ్లేటప్పుడు నేను చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వెళ్లను. చేతి మీద గీత పడి ఉంటే ఆ రోజు పని వాయిదా వేస్తాను. రాయిని ఎన్నడూ వేడి చేయను, నీటి బయట రుద్దను. ఇంట్లో పిల్లలుంటే ఈ జాగ్రత్తలన్నీ రెట్టింపు కావాలి.

కొననివి కూడా చెప్పాలి. డెండ్రోనెఫ్తియా అనే జాతి ఎరుపు, నారింజ, గులాబీ రంగుల్లో మెరిసిపోతూ ఉంటుంది. దాని కండలో శైవలాలు ఉండవు. వెలుతురుతో దానికి పని లేదు, నీటిలో తేలే సూక్ష్మమైన ప్లవకాలను దాదాపు ఎడతెరిపి లేకుండా తింటూ ఉండాలి. ఇంటి తొట్టిలో అది జరగదు, ఆకలితో కొన్ని వారాల్లోనో నెలల్లోనో కరిగిపోతుంది. దాన్ని చూసి ఎంత ఆశపడ్డా ఇంటికి తేలేదు, తేను. అలాగే సముద్రం నుంచి కొత్తగా తీసిన గుంపులను తీసుకోలేదు. నా దగ్గర ఉన్నవన్నీ తొట్టెల్లోనే పెరిగి, కోసి అంటుకట్టిన ముక్కలు. గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ అనే, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఉన్న ఒప్పందం నియంత్రణలో ఉంది, నా తొట్టిలో ఉన్న సాఫ్ట్ కోరల్స్‌లాంటివి మాత్రం ఆ జాబితాల్లో లేవు. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అడగాల్సిన బాధ్యత కొనేవారిదే. పైగా కొన్ని దేశాల్లో పగడం దగ్గర ఉంచుకోవడమే నేరం కావచ్చు. మీరున్న చోట చట్టం ఏమంటుందో మొదటి రూపాయి ఖర్చుపెట్టకముందే చూసుకోండి.

ఎదిగిన లెదర్ కోరల్ గొడుగు కింద ఉన్నవాటికి వెలుతురు అందకుండా పోయే దశ ఒకటి వస్తుంది. అప్పుడు కోయక తప్పదు. కోయడమంటే మొదట చెయ్యి రాలేదు. పాలిప్స్‌తో నిండిన జంతువును బ్లేడుతో చీల్చాలి మరి. కానీ ఇవి తెగిన ముక్క నుంచి కొత్త గుంపుగా ఎదగగలవు, సముద్రంలోనూ ఇలాగే పెరుగుతాయి. తొట్టి నీరు నింపిన వేరే గిన్నెలోకి రాయితో సహా మార్చి, కొత్త బ్లేడుతో గొడుగును ఒక్క గీతలో కోశాను. బోలెడంత జిగురు వచ్చింది, వాసన ఘాటుగా ఉంది. టెర్పినాయిడ్లు బయటికి వచ్చేది అప్పుడే. కోసే పని ఎన్నడూ తొట్టిలో చేయకూడదనేది అందుకే. ముక్కలను రెండు మూడు సార్లు శుభ్రమైన ఉప్పునీటిలో కడిగాను. జిగురు వల్ల వాటిని గమ్‌తో అతికించడం కుదరదు. గులకరాళ్లున్న పళ్లెంలో పెట్టి, పైన పలుచని వల కప్పి, నెమ్మదైన ప్రవాహంలో ఉంచాను. రెండు మూడు వారాల్లో రాళ్లకు అంటుకున్నాయి. తల్లి కాండం మీద కోసిన అంచు గుండ్రంగా మానింది, ఆ తర్వాత కొత్త పాలిప్స్ పొడుచుకొచ్చాయి. ఆ వారమంతా కొత్త కార్బన్ వాడాను.

బాగా అంటుకున్న ముక్కలను పెంచుకునేవారికి ఇస్తాను. మిగిలినవాటిని, గాజు మీది నుంచి గీరిన జెనియాను, ఇసుక మీద కోసిన స్టార్ పాలిప్స్ చాపను ఏం చేయాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. వెనెజువెలా తీరంలో యునోమియా స్టోలోనిఫెరా అనే సాఫ్ట్ కోరల్ స్థానిక పగడాలను కప్పేసి చంపుతోంది. జెనియాకు బంధువైన అది హిందూ, పసిఫిక్ మహాసముద్రాలది. అక్వేరియం వ్యాపారం ద్వారానే అక్కడి నీటిలో పడిందని శాస్త్రజ్ఞుల అంచనా. నా తొట్టిలో నెలకోసారి బ్లేడుతో ఆపుతున్న విస్తరణ అక్కడ ఆపేవారు లేకుండా సాగుతోంది. కనుక నేను కోసిన ఏ ముక్కనూ తడిగా ఉండగా బయట పారేయను. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, మూట కట్టి చెత్తలో వేస్తాను. జోయాంథిడ్ ముక్కలుంటే చేతి తొడుగులతోనే తీసి వేరే మూట కడతాను. కోత జరిగిన గిన్నెలోని నీటిలో బ్లీచ్ కలిపి, ఒక రోజు ఉంచి ఆ తర్వాతే కాలువలో పోస్తాను. తొట్టి నుంచి మార్చిన పాత నీటికీ, పాత ఇసుకకూ, పాత రాయికీ కూడా ఇదే పద్ధతి.